ముట్టుకుంటేనే మ్యూజియం: సైన్స్ సెంటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లుగా ఒక జిల్లా కేంద్రంలో చిన్న సైన్స్ సెంటర్ బాధ్యత చూస్తున్నాను. టికెట్ కౌంటర్ దగ్గర, ఫోన్లో, ఆఖరికి పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పేబదులు ఇక్కడ రాసి పెడుతున్నా. కొన్నిటికి జవాబు పొడుగైంది, కొన్నిటికి ఒక్క ముక్కతో సరిపోయింది.

మ్యూజియం అంటే పాత వస్తువులు కదా, మీ దగ్గర ఏముంటాయి?

మా దగ్గర పాతవంటే బీరువా తాళాలే. మామూలు మ్యూజియంలో కత్తి ఉంటుంది, నాణెం ఉంటుంది, అద్దం వెనక పెట్టి "తాకరాదు" అని బోర్డు పెడతారు, ఎందుకంటే ఆ వస్తువు మళ్లీ దొరకదు. ఇక్కడ వస్తువుకి విలువేమీ లేదు. తిరిగే పీట పోతే ఇంకో పీట చేయించుకుంటాం. దాని మీద నిలబడి చేతులు ముడిచినప్పుడు మీకు గిర్రున వేగం పెరుగుతుందే, అది చూపించడానికే ఇదంతా. ముట్టుకోకపోతే అది చెక్క ముక్క, అంతే.

ఈ ఆలోచన ఎవరిది?

ఒక్కరిది కాదు. జర్మనీలో మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియం 1903లో మొదలైంది, మీటలు నొక్కితే కదిలే నమూనాలు అక్కడ మొదట్నుంచీ ఉన్నాయి. పారిస్‌లో 1937లో పాలే ద లా దెకువెర్త్ పెట్టారు. కానీ ఇప్పుడు ప్రపంచమంతా అనుసరిస్తున్న పద్ధతికి పెద్దదిక్కు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం. 1969లో తెరిచారు. దాన్ని పెట్టినాయన ఫ్రాంక్ ఆపన్‌హైమర్, అణుబాంబు రాబర్ట్ ఆపన్‌హైమర్‌కి సొంత తమ్ముడు.

ఈయన కథ కొంచెం చెప్పాలి. మా పనికి సంబంధం ఉంది కాబట్టే చెబుతున్నా. ఈయన కూడా భౌతిక శాస్త్రవేత్తే, బాంబు ప్రాజెక్టులో అన్నతో పాటు పనిచేశాడు. యవ్వనంలో కమ్యూనిస్టు పార్టీలో ఉన్నానని 1949లో ఒప్పుకోవడంతో యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. కొలరాడో కొండల్లో పశువులు మేపుకుంటూ కొన్నేళ్లు గడిపాడు. తర్వాత అక్కడే ఒక చిన్న ఊరి హైస్కూల్లో సైన్స్ చెప్పడానికి కుదిరాడు. పిల్లల్ని ఊరి చెత్తకుప్పల దగ్గరికి తీసుకెళ్లేవాడు, పాడైన యంత్రాల ముక్కలు తెచ్చుకుని వాటితోనే పాఠం. తర్వాత కొలరాడో యూనివర్సిటీలో చేరి, విద్యార్థులు ఎప్పుడంటే అప్పుడు వచ్చి చేసుకునేలా దాదాపు వంద ప్రయోగాలతో ఒక గది పెట్టాడు. లైబ్రరీలో పుస్తకాలున్నట్టు అక్కడ ప్రయోగాలుంటాయి. మ్యూజియం అందులోంచే పుట్టింది. 1915 నాటి ఎగ్జిబిషన్ కోసం కట్టిన పెద్ద హాల్లో పెట్టి, 1985లో చనిపోయేదాకా ఆయనే డైరెక్టర్‌గా నడిపాడు. మ్యూజియంలో ఎవరూ ఫెయిలవ్వరు అనేవాడు.

నాకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా నచ్చేది వర్క్‌షాప్ సంగతి. వెల్డింగు, రంపాలు, సగం చేసిన ఎగ్జిబిట్లు అన్నీ జనానికి కనిపించేలా పెట్టాడు. ఏ ఎగ్జిబిట్ ఎలా చేయాలో వంటల పుస్తకంలా అచ్చేసి, ఎవరైనా చేసుకోండి అని వదిలేశాడు. ఇవాళ మీరు ఏ దేశంలో సైన్స్ సెంటర్‌కి వెళ్లినా అవే బంతులు, అవే అద్దాలు కనిపించడానికి ఒక కారణం ఇదే. "మీది వాళ్లను చూసి కాపీ కొట్టారా?" అని అడుగుతుంటారు. అవునండీ, కొట్టుకోమనే వాళ్లు రాసిచ్చారు.

మన దేశంలో ఎప్పట్నుంచి?

కలకత్తాలో బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం 1959లో. బెంగళూరులో విశ్వేశ్వరయ్య పేరుతో ఉన్నది 1960ల్లో. వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెస్తూ 1978లో జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి వచ్చింది. జనం ఎన్‌సీఎస్‌ఎం అంటారు. తమాషా ఏంటంటే అది కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉంటుంది, సైన్స్ శాఖ కింద కాదు. మొదట్లో నాకూ వింతగా అనిపించింది గానీ ఇప్పుడు అదే సరైన చోటు అనిపిస్తోంది.

మన వైపు హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం 1985లో, దాని పక్కన సైన్స్ మ్యూజియం 1990లో వచ్చాయి. తిరుపతిలో రీజనల్ సైన్స్ సెంటర్ 1993 నుంచి ఉంది. కొండకి వెళ్లేవాళ్లలో చాలామందికి అదొకటుందని కూడా తెలియదు. దర్శనం టైం స్లాటు దొరికి నాలుగు గంటలు ఖాళీ ఉంటే పిల్లల్ని హోటల్ గదిలో టీవీ ముందు కూర్చోబెట్టకండి, అక్కడికి తీసుకెళ్లండి.

డైరెక్టర్ అంటే రోజంతా ఏం చేస్తారు?

బంతులు కొంటాను.

నవ్వకండి, నిజం. గాలిలో తేలే బంతి అని ఒక ఎగ్జిబిట్ ఉంది. కింద నుంచి బ్లోయర్ గాలి కొడుతుంటుంది, దాని మీద ప్లాస్టిక్ బంతి వదిలితే తేలుతూ నిలబడుతుంది. అక్కడిదాకా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ గొట్టాన్ని మెల్లగా పక్కకి వంచినప్పుడు కూడా బంతి పడిపోకుండా గాలితో పాటే వాలి వేలాడుతుంది, అప్పుడు చూడాలి పిల్లల మొహాలు. బంతి చుట్టూ గాలి అంటుకుని ఒంపు తిరుగుతుంది, పక్కకి జారబోయిన బంతిని మళ్లీ మధ్యలోకి లాగుతుంది. సరే, ఈ బంతి జేబులో పడుతుంది. లేదా ఎవరో కాలితో తొక్కితే సొట్టపడుతుంది, సొట్టపడిన బంతి తేలదు, వణుకుతూ పక్కకి పడిపోతుంది. బ్లోయర్ జాలీలో దుమ్ము, వెంట్రుకలు పేరుకుంటాయి, గాలి తగ్గుతుంది. ఇవన్నీ ఎవరో ఒకరు పొద్దున్నే చూసుకోకపోతే పదింటికి వచ్చిన పిల్లాడికి, వేగంగా పోయే గాలిలో ఒత్తిడి తగ్గుతుందనే బెర్నూలీ సూత్రం తప్పని అర్థమవుతుంది.

మిగతా సమయంలో బడ్జెట్టు, బిల్లులు, ఆడిట్, స్కూళ్లకు ఫోన్లు, కరెంట్ ఆఫీసుకి ఫోన్లు. ఈ ఉద్యోగానికి వచ్చేవాళ్లు చాలామంది సైన్స్ గురించి ఉపన్యాసాలు ఇవ్వాల్సి ఉంటుందనుకుంటారు. ఉపన్యాసం ఏడాదికి నాలుగు. రిపేర్లు రోజుకి నాలుగు.

ఎప్పుడొచ్చినా సగం ఎగ్జిబిట్లు పనిచేయవు, ఎందుకని?

ఈ తిట్టు మాకు తగిందే. కొత్త గ్యాలరీ కట్టడానికి డబ్బు దొరుకుతుంది, ఎందుకంటే రిబ్బన్ కట్ చేయొచ్చు, ఫోటో వస్తుంది. బేరింగు మార్చడానికి డబ్బు దొరకదు. మార్చిన బేరింగు ముందు నిలబడి ఎవరు ఫోటో దిగుతారు?

నేను చేరిన కొత్తలో ఒక పెద్ద తప్పు చేశాను. ఒక సరఫరాదారు చెప్పిన మాటలు నమ్మి గ్యాలరీ నిండా టచ్‌స్క్రీన్లు పెట్టించాను. మొదటి నెల జనం విరగబడ్డారు. వానాకాలం వచ్చేసరికి మూడోవంతు నల్లగా అయిపోయాయి, స్పేరు పార్టు అడిగితే ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదన్నారు. వాటిని తీసేసి, మా ఊరి వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. అప్పట్నుంచి మాకొక లెక్క. ఏ ఎగ్జిబిట్ అయినా మా ఊళ్లో దొరికే సామానుతో, మా ఊళ్లో ఉన్న మనిషి బాగుచేయగలిగితేనే తీసుకుంటాం. "అవుట్ ఆఫ్ ఆర్డర్" బోర్డు వారం దాటితే ఎగ్జిబిట్‌నే లోపలికి తీసుకెళ్లిపోతాం. ఖాళీ జాగా ఫర్వాలేదు. నొక్కితే ఏమీ జరగని మీట మాత్రం పిల్లాడికి ఇంకోసారి నొక్కబుద్ధి కాకుండా చేస్తుంది.

పిల్లలు ఊరికే ఆడుకుని పోతారు, నేర్చుకునేది ఏముంది?

ఆడుకుని పోయేవాళ్లే ఎక్కువ, కాదనను. ఒకసారి జరిగింది చెబుతాను, తర్వాత మీరే అనుకోండి.

మా దగ్గర తాళ్ల కుర్చీలు మూడున్నాయి. కుర్చీలో కూర్చుని తాడు లాగితే మిమ్మల్ని మీరే పైకి లేపుకోవచ్చు. మొదటిదానికి పైన ఒకే గిలక, బావి మీద ఉండేలాంటిది, మీ బరువులో సగం బలం పెట్టాలి. మూడోదానికి గిలకలు చాలా ఉంటాయి, ఆరోవంతు చాలు, చిన్నపిల్లలు కూడా సునాయాసంగా లేస్తారు. ఏడో ఎనిమిదో తరగతి అమ్మాయి, ప్రభుత్వ పాఠశాల నుంచి వచ్చింది, మూడోదాంట్లో లేచి నవ్వింది. అందరూ అక్కడితో దిగి వెళ్లిపోతారు. ఈ పిల్ల దిగి మొదటిదాంట్లో కూర్చుంది. మళ్లీ మూడోదానికి వచ్చింది. మళ్లీ మొదటిది. వెనక లైన్లో వాళ్లు గోల. తర్వాత లాగిన తాడుని మోచేతి నుంచి వేళ్ల దాకా మూరలేసి కొలవడం మొదలుపెట్టింది. మా గైడ్ అడ్డం పోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి ఎవరికీ చెప్పనట్టు తనలో తను అనుకుంది, "రెండు మూరలు లేవాలంటే దీనికి నాలుగు మూరలు, దానికి పన్నెండు."

ఈ లోపు పీఈటీ సారు విజిల్ వేశారు, బస్సు బయల్దేరుతోంది. అంతే, వెళ్లిపోయింది. బలం ఎంత తగ్గిందో తాడు అంత ఎక్కువ లాగాలి, ఊరికే ఏదీ రాదు అని పాఠ్యపుస్తకంలో ఉన్నదాన్ని ఆ పిల్ల తన మోచేత్తో కొలుచుకుంది. పరీక్ష పెడితే ఇది ఏ మార్కుల్లో కనిపిస్తుందో నాకు తెలియదు. ఇలాంటి పది నిమిషాలు ఎవరికైనా దొరికేలా చూడటమే నా పని అనుకుంటాను. గైడ్లకు కూడా మొదటి రోజు నేర్పేది నోరు మూసుకుని ఉండటం.

స్కూల్ నుంచి 200 మందితో వస్తున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

200 మందితో రాకండి, రెండు రోజులు పెట్టుకోండి. కుదరకపోతే సగం మంది తోటలో, సగం మంది లోపల. దయచేసి "చూసినవన్నీ నోట్సు రాసుకోండి" అని మాత్రం చెప్పకండి. అలా చెప్పిన స్కూల్ పిల్లలు ఎగ్జిబిట్ వైపు చూడరు, బోర్డు వైపు చూసి కాపీ చేసుకుంటూ పోతారు, చేతులు రెండూ పుస్తకం, పెన్నుతోనే సరిపోతాయి. దానికి బదులు ఒక్కొక్కరిని ఒక్క ఎగ్జిబిట్ ఎంచుకుని మర్నాడు క్లాసులో దాని గురించి చెప్పమనండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పిక్నిక్ సీజన్, ఇసుక వేస్తే రాలదు. జులై, ఆగస్టుల్లో వస్తే హాలంతా మీదే.

బోర్డుల మీద తెలుగు ఎందుకు అర్థం కాదు?

ఎందుకంటే రాసినవాళ్లు ఇంగ్లీషు బోర్డు పక్కన పెట్టుకుని రాశారు. మా తిరిగే పీట దగ్గర చాలాకాలం "కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమము" అని ఉండేది, కింద ఆరు లైన్లు. ఒక్కరు చదివితే ఒట్టు. ఇప్పుడు ఇలా ఉంది: "బరువులు పట్టుకుని చేతులు చాచండి. పక్కవాళ్లని తిప్పమనండి. ఇప్పుడు చేతులు గుండెకు ఆనించండి. ఏమైంది?" ఆ పెద్ద పేరు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది, ఎందుకంటే పదో తరగతి పిల్లలకు అదీ కావాలి.

పారిభాషిక పదాలు వద్దని కాదు. గురుత్వాకర్షణ అంటే అందరికీ తెలుసు, దాన్ని "గ్రావిటీ" చేయాల్సిన పనిలేదు. లోలకం అంటే సగం మందికి తెలుసు. ఘర్షణ అనగానే పిల్లలకు కొట్లాట గుర్తొస్తుంది, పక్కన రాపిడి అని కూడా రాస్తాం. కొత్త బోర్డు రాసినప్పుడల్లా మా గేటు దగ్గర సోడాలు అమ్మే అతనికి చదివి వినిపిస్తాను. ఆయన "ఊ" కొడితే ప్రింటుకి వెళ్తుంది, తల గోక్కుంటే మళ్లీ రాస్తాను.

గైడ్లుగా ఎవరిని పెట్టుకుంటారు?

డిగ్రీ చదివే పిల్లలు, కొంతమంది ఇంటర్ వాళ్లు. ఎక్స్‌ప్లొరటోరియంలో ఎరుపో నారింజో జాకెట్లు వేసుకుని హైస్కూల్ పిల్లలే తిరుగుతుంటారు, జీతమిచ్చి మరీ పెట్టుకుంటారు. అంతా తెలిసిన ప్రొఫెసర్ కన్నా మొన్నమొన్ననే తెలుసుకున్న పిల్లాడు బాగా చూపిస్తాడు, ఎక్కడ చిక్కుకుంటారో వాడికి ఇంకా గుర్తుంటుంది. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు కూడా ఇదే పని చేస్తున్నారు, 172 ఎకరాల క్యాంపస్, అక్కడ పిల్లలకు పిల్లలే పాఠం చెబుతారు. మా దగ్గర సెలెక్షన్‌కి ఒకటే పరీక్ష. తెలియని ప్రశ్న అడిగి, "తెలీదు సార్, చూద్దాం" అన్నవాళ్లని తీసుకుంటాం.

మీ పెద్ద లోలకం కదులుతోంది గానీ దిశ మారట్లేదు, పాడైందా?

పాడవలేదు. మీరు తొందరలో ఉన్నారు.

దీన్ని ఫూకో లోలకం అంటారు, ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1851లో పారిస్‌లో చూపించాడు. ఊగే దిశ మెల్లగా పక్కకి తిరుగుతుంది, నిజానికి తిరిగేది కింద ఉన్న నేల, అంటే భూమి. ఉత్తర ధ్రువం మీద అయితే 24 గంటల్లో ఒక చుట్టు. పారిస్‌లో దాదాపు 32 గంటలు. భూమధ్యరేఖ దగ్గరికి వచ్చేకొద్దీ నెమ్మదిస్తుంది. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఒక చుట్టుకి 80 గంటలు, అంటే మూడు రోజుల పైనే. పది నిమిషాల్లో ఒక్క డిగ్రీ కూడా తిరగదు. అందుకే అంచున వరసగా చిన్న పుల్లలు నిలబెడతాం. వచ్చినప్పుడు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లండి, రెండు గంటల తర్వాత తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ చూడండి.

మ్యూజియంకి రాలేని ఊళ్ల సంగతేంటి?

బస్సు. కలకత్తా మ్యూజియం 1965లోనే ఎగ్జిబిట్లు బస్సులోకి ఎక్కించి పల్లెలకు పంపింది, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. బస్సు కూడా లేకపోతే సీసా చాలు. మన రెండు రాష్ట్రాలూ కర్కటక రేఖకు దక్షిణాన ఉన్నాయి కాబట్టి ప్రతి ఊళ్లో ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఆ నిమిషంలో నిలువుగా పెట్టిన సీసాకి పక్కన నీడ ఉండదు. మే నెల ఎండలో స్కూల్ ఉండదు, ఆగస్టులో మబ్బు. అయినా ప్రతి ఏడూ ఏదో ఒక ఊరి హెడ్మాస్టర్ ఫోన్ చేసి "మాకు కనిపించింది సార్" అంటారు.

గ్రహణం రోజు తెరిచి ఉంచుతారా? జనం నమ్మకాలతో గొడవ రాదా?

తెరిచి ఉంచుతాం. ఆ రోజే మాకు అసలు పండగ. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలంగాణ మీదుగానే వెళ్లింది. జపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరిశీలనలు చేస్తుంటే చాలా ఊళ్లలో జనం తలుపులేసుకుని కూర్చున్నారు. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజు ఆవులు ఇంటికొచ్చేశాయని చెబుతుంది గానీ ఆకాశం చూడనేలేదు.

రోకలి సంగతి అందరూ అడుగుతారు. గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే నిలబడుతుంది, గ్రహణం విడవగానే పడిపోతుంది అని. మేము దీన్ని ఎగ్జిబిట్‌గా పెట్టేశాం. ఒక ఇత్తడి పళ్లెం, ఒక రోకలి, "ఈరోజు గ్రహణం లేదు. నిలబెట్టి చూడండి" అని బోర్డు. రోకలి అడుగున ఉండే ఇనప పొన్ను సమంగా ఉంటే, కాస్త ఓపికగా పెడితే మంగళవారం నిలబడుతుంది, గురువారమూ నిలబడుతుంది. మామూలు రోజు ఎవరూ ప్రయత్నించరు, అంతే విషయం. ఎవరితోనూ వాదించం. స్నానం చేసుకుంటామంటే చేసుకోనివ్వండి, దర్భ వేసుకుంటామంటే వేసుకోనివ్వండి. 2019 డిసెంబర్ 26న పాక్షిక గ్రహణం పట్టినప్పుడు మా ఆవరణలో వేపచెట్టు కింద నేలంతా నెలవంకలే పడ్డాయి. ఆకుల సందుల్లోంచి వచ్చే ప్రతి వెలుగు చుక్కా సూర్యుడి బొమ్మే మరి. గేటు బయట దూరంగా నిలబడ్డ ఒక పెద్దావిడ ఆకాశం చూడనంది, కానీ నేల చూడటానికి అభ్యంతరం లేదంటూ లోపలికొచ్చింది. అరగంట ఉంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పాత ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సూర్యుణ్ని చూడొద్దు. గ్రహణం కళ్లద్దాలే వాడాలి, లేదా వేపచెట్టు కిందికి రండి.

మా స్కూల్లో ఒక గదిలో ఇలాంటిది పెట్టాలనుకుంటున్నాం, ఎంతవుతుంది?

గది నింపాలనుకోవద్దు. మూడు వస్తువులతో మొదలుపెట్టండి. పాత సైకిల్ చక్రం ఒకటి, ఇరుసుకి రెండు పక్కలా పిడులు బిగించి, గిర్రున తిప్పి చేత్తో పట్టుకుని పక్కకి వంచమనండి, చక్రం ఎదురుతిరుగుతుంది. ఒకే సైజు అద్దాలు రెండు, ప్లాస్టరుతో పుస్తకంలా అతికించి మధ్యలో రూపాయి బిళ్ల పెట్టండి, కోణం తగ్గిస్తూ పోతే బిళ్లలు పెరుగుతాయి. మూడోది రోకలి. సైకిల్ షాపు అతన్ని అడిగితే చక్రం ఊరికే ఇస్తాడు. తాళం మాత్రం వేయకండి. తాళం హెడ్మాస్టర్ బీరువాలో ఉండే సైన్స్ గదులు నేను చాలా చూశాను, లోపల సామాను కొత్తగా మెరుస్తూ ఉంటుంది.

పెద్దవాళ్లు రావచ్చా, పిల్లలకేనా?

రండి. పిల్లల్ని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకునే నాన్నలే మాకు అన్నిటికన్నా కష్టమైన విజిటర్లు. ఆ బెంచీలను తాళ్ల కుర్చీల ఎదురుగా జరిపాం. కాసేపటికి ఒకళ్లు లేస్తారు, అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించట్లేదనుకుని కూర్చుని తాడు లాగుతారు.

సోమవారం ఎందుకు సెలవు?

బంతులు మార్చుకోవాలి.